జాన్‌లందరూ ఒకచోట

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి సెనేటుకు పోటీ చేసిన జాన్‌లందరినీ ఒక వరసలో, విలియంలందరినీ ఇంకో వరసలో కూర్చోబెట్టిన మనిషిని నేనే. ఎవరూ నన్ను అలా చెయ్యమనలేదు. ఒక్కడు మాత్రం వద్దన్నాడు. ఆ ఒక్కడి మాట సాగనివ్వలేదు నేను.

ఇక్కడ మలేసియాలో, మన ఆదివారం తెలుగు బడిలో మీరంతా "ఆంటీ, మీ ఆఫీసు కథ చెప్పండి లా" అని, ఈ దేశపు "లా" తోకతో సహా, వేధిస్తుంటారు. సైబర్‌జయ నగరం, కంప్యూటర్లు, అద్దాల మేడ అనేసరికి నేనేదో ఘనకార్యం చేశానని మీ నమ్మకం. చేశాను. అదేమిటో రాస్తున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు, కానీ చివరిదాకా చదివి నవ్వండి. తెలుగు చదవడం కష్టంగా ఉంటే మీ అమ్మమ్మ చేత చదివించుకోండి. ఆవిడకూ కాలక్షేపం.

మా కంపెనీ పని చెప్పడానికి తేలిక. పై దేశాల విశ్వవిద్యాలయాలు పాత పత్రికలూ చేతిరాతలూ పంపేవి. మేము స్కాన్ చేసి, టైపు చేసి, తప్పులు దిద్ది, పుస్తకంగా అమర్చి పంపేవాళ్లం. నాది తప్పులు దిద్దే ఉద్యోగం. క్లాంగ్‌లో ఒక చిన్న అచ్చాఫీసులో పెళ్లి కార్డులు దిద్దడంతో మొదలుపెట్టాను. ఆ ప్రెస్ మూతపడ్డాక సైబర్‌జయకు మారాను. రోజూ క్లాంగ్ నుంచి కారులో పోయి రావడం, దారి పొడుగునా లారీలను తిట్టుకోవడం. ఆఫీసులో నన్ను "చిక్‌గు" అని పిలిచేవారు, అంటే టీచరమ్మ అని. నా చేతిలోంచి తప్పు దాటిపోదని పేరు. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో చెప్పను, మీరే ఊహించుకోండి. రిటైరవడానికి రెండు నెలలుందనగా మా మేనేజరు పిలిచి, తరవాత కూడా వారానికి మూడు రోజులు వస్తారా అని అడిగాడు. పైకి "చూద్దాం సార్" అన్నాను. లోపల ఎగిరి గంతేశాను.

అప్పుడు మా చేతిలో ఉన్న పుస్తకం ఆ అమెరికా రాష్ట్రంలో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జరిగిన సెనేటు ఎన్నికల చరిత్ర. రాసినాయన రిటైరైన ప్రొఫెసరు. అది మొదటి సంపుటం, ఇంకా మూడు రావాలి. మొదట నాకు ఆవలింతలు వచ్చాయి. ఎవడో ఎక్కడో గెలిస్తే నాకేమిటి? కానీ పిల్లలూ, నాలుగు రోజులు దిద్దేసరికి అందులో పడిపోయాను. మన మలేసియాలో సెనేటరుకు మనం ఓటెయ్యం. రాష్ట్ర శాసనసభలు కొందరిని పంపిస్తాయి, మిగతావాళ్లు నియామకం. అక్కడేమో జనమే ఓటేసేవారు. లారీ ఎక్కి నిలబడి ప్రసంగించేవాడొకడు. ధరలు పడిపోయి రైతులు ఏడుస్తుంటే, సంతలో పందుల పాక పక్కన నిలబడి ఓటడిగినవాడొకడు. నాలుగుసార్లు నిలబడి నాలుగుసార్లూ ఓడిపోయిన ఒక జాన్ అయితే నాకు చుట్టంలా అయిపోయాడు. అయిదోసారి అతని పేరు కనబడకపోతే దిగులేసింది.

మా బృందానికి లీడరు విజయనగరం నుంచి వచ్చిన ఒక తెలుగమ్మాయి. వయసు ముప్పై దాటి ఉండదు. భర్త సైబర్‌జయలోనే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు, చిన్న పాప ఉంది. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. నాకు పై అధికారి అన్నమాట, కానీ మొదటి రోజే నన్ను పిన్నిని చేసుకుంది. జరిగింది ఇదీ: ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే నేను దాన్ని లాగుతూ "ఏటిదీ, బేగి రావేటి!" అని విసుక్కున్నాను. వెనక నుంచి పకపకా నవ్వు.

"మా అమ్మమ్మ ఇలగే అంటాది పిన్నీ! కాలేజీలో నాను ఈ మాట అంటే ఎక్కిరించీవోరు. మానేసినాను. మీరిక్కడ, ఈ దేశంలో, ఇంత బాగా ఎలగ మాటాడతన్నారు?"

"మా తాత ఓడెక్కినప్పుడు ఈ ఒక్క బాసే తెచ్చుకున్నాడమ్మా. ఇంకోటి కొనుక్కుందామంటే దొరకనేదు" అన్నాను.

ఆ రోజు నుంచి భోజనం ఇద్దరిదీ ఒకే బల్ల మీద. ఆమె ఉప్మా నాకు, నా నాసి లెమాక్ కొబ్బరిపాల అన్నం ఆమెకు. మా ఇద్దరి పిల్లలూ మాట్లాడని తెలుగు మేమిద్దరం మాట్లాడుకునేవాళ్లం.

పుస్తకం చివరి దశకు వచ్చాక ఆ అమ్మాయికి డెంగీ జ్వరం తగులుకుంది. ఆసుపత్రిలో పెట్టారు. మిగిలింది ఇండెక్స్, అంటే పుస్తకం చివర పేర్లూ, అవి వచ్చే పేజీలూ ఇచ్చే పట్టిక. మేము పేరు పక్కన ఊరు, పార్టీ కూడా వేశాం. మేనేజరు ఆ పని నా నెత్తిన పెట్టాడు. ప్రొఫెసరుగారు పంపిన సూచనల కాగితంలో ఒకటే ముక్క ఉంది: "పేర్లు అక్షర క్రమంలో."

"ఏ పేరు?" అని అడిగాడు మా చైనీస్ సహోద్యోగి. మితభాషి, చెవుల్లో ఎప్పుడూ పాటలు.

మేము అక్కడ నలుగురం. నేను. ఒక తమిళ చెల్లెలు. ఒక మలాయ్ అన్న, యాభై ఏళ్లవాడైనా అందరికీ అన్నే, మెత్తని మనిషి. ఈ చైనీస్ తమ్ముడు. మీకు తెలుసుగా, మలాయ్‌వాళ్లకు ముందు సొంత పేరు, తరవాత బిన్, అంటే కొడుకు అని, తరవాత తండ్రి పేరు. మనకూ తమిళులకూ సొంత పేరు, మధ్యలో ఎ/ఎల్ లేదా ఎ/పి, అంటే ఫలానావాడి కొడుకు లేదా కూతురు, తరవాత తండ్రి పేరు. చైనీస్‌వాళ్లకు కుటుంబం పేరే ముందు.

"తెల్లవాళ్లకు కుటుంబం పేరు చివర వస్తుంది ఆంటీ. చివరి పేరుతోనే పెట్టాలి" అన్నాడతను. మా ఆఫీసు భాష మలాయ్, ఇంగ్లీషు కలిపిన రోజాక్. మీ కోసం తెలుగు చేస్తున్నాను.

"చివర ఉండేది తండ్రి పేరు లా!" అన్నాను నేను. "నీకు ఫోన్ చెయ్యాలంటే నీ పేరు కింద వెతుకుతానా, మీ నాన్న పేరు కిందా?"

ఒక పేజీ తీసి అందరికీ చూపించాను. అందులో ఒక ముసలి సెనేటరు, పోటీకి దిగిన ఆయన కొడుకు ఉన్నారు. పత్రికలన్నీ తండ్రిని ఏ పేరుతో పిలిచాయో, కొడుకు పేరు చివర సరిగ్గా అదే ఉంది. "చూశారా? తండ్రి పేరే. మన పద్ధతే."

"మరి తండ్రి పేరు చివర కూడా అదే ఉందే?" అన్నాడు చైనీస్ తమ్ముడు.

తడుముకోకుండా జవాబిచ్చాను. "అది తాత పేరు. మేం తెలుగువాళ్లం తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. ఒక ఇంట్లో ఒకే పేరు తిరగడంలో వింతేముంది?"

మీరు అడుగుతారని తెలుసు: ఆంటీ, ఇంగ్లీషు సినిమాలు చూడలేదా అని. చూశాను. ఆ సెనేటర్లందరి గురించీ అక్షరం వదలకుండా చదివాను. అయినా నా పద్ధతి లోకమంతటి పద్ధతి అనుకున్నాను. మొండితనానికి కళ్లజోడు పెట్టినా కనబడదు.

సరే, ఓటేద్దాం అన్నాను. ఎన్నికల పుస్తకం చేస్తున్నాం కదా, ప్రజాస్వామ్యంగానే తేలుద్దాం అని. ఆ రోజు ఇంటి నుంచి డబ్బా నిండా కరిపాప్‌లు తెచ్చి ఉన్నాను, బంగాళాదుంప కూర పెట్టి వేయించినవి, ఇంకా వేడి చల్లారలేదు. ముందు డబ్బా తిప్పి, తరవాత చేతులెత్తమన్నాను. ఓటుకు ముందు తిండి పెట్టడం ఎన్నికల నేరమని నాకు తెలుసు. తెలిసే తిప్పాను. మూడు చేతులు లేచాయి. చైనీస్ తమ్ముడు నా కరిపాప్ తింటూనే నాకు వ్యతిరేకంగా ఓటేశాడు. నిజాయితీ అంటే అదీ.

అలా జాన్‌లు ఒకచోట చేరారు. విలియంలు ఒకచోట, థామస్‌లు ఒకచోట. పట్టిక చూసి నేనే మురిసిపోయాను, ఎంత పొందిగ్గా ఉందో అని.

తరవాతి సోమవారం ఆ అమ్మాయి ఆసుపత్రి నుంచి తిన్నగా ఆఫీసుకే వచ్చింది. మనిషి సగమైపోయింది. ఇండెక్స్ పంపడానికి అదే ఆఖరి రోజు, ఆమె సంతకం లేనిదే ఏదీ బయటికి పోదు.

"ఒక్క అరగంట ఇవ్వండి పిన్నీ, సూసేస్తాను" అంది.

"ఏటి సూస్తావమ్మా? నిలబడ్డానికి ఓపిక నేదు. నాను సూసినాను కదా! సంతకం ఎట్టీసి ఇంటికెల్లి పడుకో."

నా మొహం చూసి నవ్వింది. సంతకం పెట్టింది. వెళ్లి పడుకుంది.

నాలుగో రోజు పొద్దున ప్రొఫెసరుగారి జవాబు వచ్చింది. మేనేజరు దాన్ని కాగితం మీద తీయించి, అందరినీ తన గదిలోకి పిలిచి, పైకి చదివాడు. "నా సెనేటర్లను వాళ్ల అమ్మలు భోజనానికి కేకేసే పేర్లతో అమర్చారు. ఇది పరిహాసమైతే బాగుంది. కాకపోతే మనం మాట్లాడుకోవాలి." దాని వెంటే ఆ విశ్వవిద్యాలయం ప్రచురణ విభాగం నుంచి ఇంకో ఉత్తరం, అందులో పరిహాసం లేదు. మిగతా మూడు సంపుటాలూ వేరేవాళ్లకు ఇచ్చే ఆలోచనలో ఉన్నామనీ, రెండు రోజుల్లో ప్రొఫెసరుగారితో వీడియోలో మాట్లాడాలనీ, ఆ తరవాతే నిర్ణయమనీ.

మేనేజరు చెడ్డవాడు కాదు. కానీ కాగితం మనిషి. "సంతకం ఎవరిది?" అన్నాడు.

"నాది సార్" అంది ఆ అమ్మాయి.

"మీ వర్క్ పర్మిట్ ఈ నెలాఖరుకు అయిపోతోంది కదా?"

"అవును సార్."

"దాన్ని పొడిగించమని కంపెనీ ఉత్తరం రాయాలి. రాయాలో వద్దో ఆ వీడియో మాటలయ్యాక చూస్తాను."

ఉత్తరం రాకపోతే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. పర్మిట్ ఉండదు, జీతం ఉండదు, భర్త చదువు సగంలో ఉండగా పాపతో సహా సామాను సర్దుకోవాలి. కరిపాప్‌లు పంచి ప్రసంగాలు చేసిన నోరు, అవసరమైనప్పుడు పెగల్లేదు. చిక్‌గు అన్న పేరు పోతుంది, వారానికి మూడు రోజుల మాట పోతుంది, అదీ నా లెక్క. సిగ్గు విడిచి చెబుతున్నాను పిల్లలూ, ఆ రోజు నేను నోరు మూసుకుని ఇంటికి పోయాను. దారిలో ఒక్క లారీని కూడా తిట్టలేదు. తిట్టే అర్హత నాకెక్కడిది?

మర్నాడు నేను వెళ్లేసరికే ఆమె వచ్చి కూర్చుని ఉంది, పట్టిక తెరిచి. నన్ను చూసి ఎప్పటిలాగే "తిన్నారా పిన్నీ?" అంది. ఆ మాటకు నా ప్రాణం చివుక్కుమంది.

"నిన్న నా పేరు ఎందుకు సెప్పనేదమ్మా?"

"మీరు రెండు నెలల్లో ఎల్లిపోతారు. ఎల్లీ ముందు ఈ మాట ఎందుకు పిన్నీ? అయినా సంతకం నాది. సూడకుండా ఎట్టినాను. అది నా తప్పే కదా."

నేను టీ గదిలోకి పోయి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, ఆ చైనీస్ తమ్ముడికి ఒక తే తారిక్, అంటే నురగ టీ, కలుపుకుని తీసుకెళ్లాను. "తమ్ముడూ, నువ్వు చెప్పిందే నిజం. ఇప్పుడు దీన్ని సరిచెయ్యడం కూడా నువ్వే చెప్పు" అన్నాను. అతను చెవిలోంచి పాట తీసి, "నేను ఓటులో ఓడాను గానీ మాటలో ఓడలేదు ఆంటీ" అన్నాడు. అంతే, ఇంకొక్క మాట దెప్పలేదు. నేనైతే వారం రోజులు దెప్పేదాన్ని.

కంప్యూటరుకు చెబితే చిటికెలో వరస మార్చేస్తుంది కదా అంటారు మీరు. మారుస్తుంది. కానీ కొందరికి రెండు మాటల ఇంటిపేర్లు, కొందరికి చివర జూనియర్ అని తోక. ఒక్కొక్క పేరూ మనిషి కన్ను చూడాల్సిందే. ఆ అమ్మాయి పాత పట్టిక పైకి చదువుతోంది, నేను గుర్తు పెడుతున్నాను. ఎం అక్షరానికి వచ్చేసరికి ఆగింది.

"పిన్నీ, ఇక్కడ సూడండి. మార్తా లూయిజ్. దాని కిందే మళ్లీ మార్తా లూయిజ్. చివరి పేర్లు ఏరు. ఊరొకటే. పార్టీ ఒకటే."

"అయితే ఏటి? ఇద్దరు మార్తాలు. మా సుంగై సుమున్ కొబ్బరితోటల ఒకే వరస ఇళ్లల్ల ఎంతమంది అప్పలమ్మలుండీవోరో తెలుసా?"

"కాదు పిన్నీ. ఈవిడికి మధ్యల పెళ్లయింది."

"పెళ్లయితే పేరెందుకు మారతాది?"

ఆమె నా వంక అదోలా చూసింది. తరవాత పకపకా నవ్వింది, జ్వరం తరవాత మొదటిసారి. పర్మిట్ పని కోసం సంచిలో పెట్టుకు తిరుగుతున్న కాగితాలు తీసి నా ముందు పరిచింది. డిగ్రీ పట్టా మీద ఆమె పేరుతో ఒక ఇంటిపేరు, పుట్టింటిది. పాస్‌పోర్టులో ఇంకో ఇంటిపేరు, అత్తింటిది.

"ఈ కాగితాల్ల నాను ఇద్దరు మనుషుల్ని పిన్నీ. ఏ ఆఫీసుకెల్లినా ఇద్దరూ ఒకర్తేనని రుజువు సెయ్యాల. అందుకే ఈ మార్తా నాకు తెలిసిపోయింది."

నేను నా గుర్తింపు కార్డు తీసి చూపించాను. పెళ్లయి ముప్పై అయిదేళ్లు దాటింది. దాని మీద ఇప్పటికీ ఫలానావాడి కూతురు అనే ఉంది. మా ఆయన పేరు దానిలో ఎక్కడా లేదు, ఆయనా ఎప్పుడూ అడగలేదు. మనం ఆడపిల్లలం ఈ దేశంలో చచ్చేదాకా నాన్న కూతుళ్లమే. ఇంటిపేరు మా తాతకు ఉండేదట. ఓడ దిగాక రాసుకున్న గుమస్తాకు ఒక్క పేరు చాలింది.

అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ పుస్తకంలో ఆడవాళ్ల గురించి ఒక అధ్యాయం ఉంది. దాని చివరి వాక్యం నేనే దిద్దాను: రెండు యుద్ధాల మధ్య ఈ రాష్ట్రంలో సెనేటుకు రెండోసారి నిలబడ్డ స్త్రీ ఒక్కరూ లేరు. ఒకసారి ఓడాక అందరూ ఇంటికి పోయారు.

"పోనేదు! మార్తా ఇంటికి పోనేదు!" అని అరిచాను. తమిళ చెల్లెలు ఉలిక్కిపడి టీ ఒలకబోసుకుంది.

అరిస్తే సరిపోదు, రుజువు కావాలి. ఆ రాష్ట్రం పత్రికలన్నీ స్కాన్ చేసినవాళ్లం మేమే. మార్తా పేరు కనబడ్డ రెండు ఎన్నికల మధ్య కాలం పత్రికలను నలుగురం పంచుకుని కూర్చున్నాం, ఆ అమ్మాయి అయిదో మనిషి. ఎండుగడ్డి ధరలు, చర్చి విందులు, తప్పిపోయిన ఆవులు, అన్నీ చదివాం. మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి కూర్చున్న మలాయ్ అన్న పది నిమిషాల్లో "జుంపా!" అన్నాడు, దొరికిందని. ఆడవాళ్ల కబుర్ల వరసలో రెండే రెండు పంక్తులు. సెనేటుకు పోటీ చేసి ఓడిన మార్తా లూయిజ్ ఫలానా, గత శనివారం ఫలానా పశువైద్యుణ్ణి పెళ్లాడారు. రెండు చివరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. నేను ఆ పశువైద్యుడికి మనసులో దండం పెట్టుకున్నాను.

సాయంత్రం మేనేజరుకు చూపించాం. ఆయన మొహంలో రంగు మారింది. "ఆయన పట్టిక మనం పాడుచేశాం. ఇప్పుడు ఆయన పుస్తకంలోనే తప్పుందని కూడా చెబుతామా? గోరుచుట్టు మీద రోకటిపోటు. వద్దు. కొత్త పట్టిక చూపించండి, క్షమాపణ చెప్పండి, నోరు మూసుకోండి." ఆయన తెలుగువాడు కాదు, రోకటిపోటు నేను పెట్టిన మాట; ఆయన వాడిన తమిళ సామెత నాకు గుర్తులేదు గానీ అర్థం అదే.

ఆ అమ్మాయి తల ఊపింది. ఇంకేం చేస్తుంది? ఉత్తరం ఆయన చేతిలో ఉంది.

మర్నాడు ఎనిమిదింటికే అందరం మీటింగు గదిలో ఉన్నాం. మనకు పొద్దున, ఆయనకు అక్కడ సాయంత్రం. తెర మీద ప్రొఫెసరుగారు కనబడ్డారు, తెల్ల జుట్టు, ముడతల చొక్కా, వెనకంతా పుస్తకాలు. నవ్వలేదు. ఆ అమ్మాయి గొంతు సవరించుకుంది. "సార్, ఆ తప్పుకు బాధ్యత నాది..." అని మొదలుపెట్టింది.

"కాదు" అన్నాను నేను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మేనేజరు బల్ల కింద నా కాలు తొక్కాడు. తొక్కితే తొక్కాడు.

"ఆమె ఆసుపత్రిలో ఉంది సార్. ఆ నియమం పెట్టింది నేను. వద్దన్న మనిషిని ఓటింగు పెట్టి ఓడించింది నేను. చూడనివ్వకుండా సంతకం పెట్టించింది నేను. మా దేశంలో చివరి పేరు తండ్రిది. మీ దేశంలోనూ అంతే అనుకున్నాను." కరిపాప్‌ల సంగతి కూడా చెప్పేశాను. అంత దూరం వచ్చాక దాచడమెందుకు?

ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. "ఇంకేమైనా ఉందా?"

"ఉంది సార్. మార్తా ఉంది."

మేనేజరు కళ్లు మూసుకున్నాడు. నేను అమ్మాయి వైపు చెయ్యి చూపించాను. "కనిపెట్టింది ఈమె. ఈమే చెబుతుంది." ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, తరవాత చెప్పింది. రెండు పేర్లు, ఒకే ఊరు, ఒకే పార్టీ, పత్రికలో రెండు పంక్తులు. ఆ పంక్తులు తెర మీద పెట్టింది. తన పట్టా, తన పాస్‌పోర్టు సంగతి కూడా చెప్పింది.

ప్రొఫెసరుగారు తెరకు మొహం ఆనించి ఆ పంక్తులు చదివారు. తరవాత ఆయన లేచి వెళ్లిపోయారు. ఖాళీ కుర్చీ, పుస్తకాలు. మేనేజరు నిట్టూర్పు గదంతా వినబడింది. ఆ పిల్ల జీవితాన్ని రెండోసారి ముంచానా దేవుడా అనుకున్నాను.

ఆయన పేర్ల కార్డులు నింపిన రెండు చెక్క సొరుగులు మోసుకుంటూ తిరిగి వచ్చారు. ఒక దానిలోంచి ఒక కార్డు, ఇంకో దానిలోంచి ఇంకో కార్డు తీసి, కళ్లజోడు నెత్తి మీదికి నెట్టి, పక్కపక్కన పెట్టి చూశారు.

"ముప్పై ఏళ్లు" అన్నారు. "ముప్పై ఏళ్లుగా ఈవిడ నా బీరువాలో ఇద్దరు మనుషులు. ఎందుకంటే నేను చివరి పేరుతో అమర్చాను."

తరవాత నవ్వడం మొదలుపెట్టారు. ఆగలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. చివరికి మా మేనేజరు కూడా, అర్థమై నవ్వాడో కాకో గానీ, నవ్వాడు. అధ్యాయం చివరి వాక్యం కొట్టేస్తాననీ, మార్తాకు నాలుగు పేజీలు కొత్తగా రాస్తాననీ అన్నారు ప్రొఫెసరుగారు. మిగతా సంపుటాలు ఇక్కడే చేయించమని తానే విశ్వవిద్యాలయానికి రాస్తానన్నారు. "ఒక్క షరతు. వాటిని ఆ రెండు పేర్ల అమ్మాయే చూడాలి."

ఆ మధ్యాహ్నమే మేనేజరు పర్మిట్ ఉత్తరం రాశాడు. మూడేళ్లకు రాయమని చైనీస్ తమ్ముడు వెనక నుంచి అంటే, రెండేళ్లకు రాశాడు. రొట్టె విరిగి నేతిలో పడిందంటారే, అలాగన్నమాట. అమ్మాయి ఆ కాగితం పట్టుకుని టీ గదిలోకి పోయి ఏడ్చింది. ఆ గదికి ఆ వారం పని ఎక్కువైంది.

నా మూడు రోజుల సంగతా? "ఆలోచిద్దాం చిక్‌గు" అన్నాడు మేనేజరు. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నాడు. పోనీలెండి. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత, నాకు తక్కువే పడింది. మీకు నేను చెప్పేది ఒక్కటే: ఎక్కువ చేతులు లేచినంత మాత్రాన మాట నిజం కాదు. ఒంటరిగా చెయ్యెత్తినవాణ్ణి ఎందుకని ఒక్కసారి అడగండి. అతను మీ కరిపాప్ తింటూ ఉన్నాసరే.

నా ఆఖరి వారంలో పుస్తకం ముందుమాట పేజీ వచ్చింది. అమ్మాయి దాన్ని నా బల్ల దగ్గరికి తెచ్చింది. ప్రొఫెసరుగారు మా ఇద్దరికీ కృతజ్ఞతలు రాశారు. ఆమె పేరు సరిగ్గా ఉంది, రెండు ఇంటిపేర్లతోనూ. నా దగ్గరికి వచ్చేసరికి, వీడియో తెర మీద కనబడిన పేరులో చివరిది తీసుకుని, వాళ్ల మర్యాద ప్రకారం ముందు శ్రీమతి తగిలించారు. శ్రీమతి, ఆ తరవాత మా నాన్న పేరు. అంతే. నా పేరే లేదు.

"ఇది తప్పు పిన్నీ. ఏకంగా మీ నాన్నగోరికే పెళ్లాన్ని సేసీసినారు మిమ్మల్ని! ప్రెస్‌కి సాయంత్రమే ఎల్లిపోవాల. ఇప్పుడే మార్పించీస్తాను."

నేను ఆ పేజీలో మా నాన్న పేరు మీద వేలు పెట్టాను. మా నాన్న సుంగై సుమున్ తోటలో కొబ్బరికాయలు దించేవాడు. సంతకం రాదు, వేలిముద్రే. ఓటు రోజు వస్తే మాత్రం ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని వరసలో అందరికన్నా ముందు నిలబడేవాడు. గుమస్తా జాబితాలో తన పేరు మీద వేలు పెట్టి చూపిస్తే, చదవలేని ఆ గీతల్ని చూసి చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. నన్ను ఎత్తుకుని "సూడే, నానే ఇది" అనేవాడు. ఆయన పేరు అచ్చులో ఉన్నది ఆ జాబితాల్లోనే, ఇంకెక్కడా లేదు.

"ఒగ్గీయమ్మా. అలగే ఉండనీ" అన్నాను.

"తప్పు కదా పిన్నీ? రేపు ఎవరైనా అడిగితే?"

కాగితం అడుగున "సరిచూసినవారు" అన్న చోట ఖాళీ ఉంది. ఆమె పెన్ను అప్పటికే తెరిచి పట్టుకుంది.

"ఆ పెన్ను ఇటియ్యి" అన్నాను. "ఈ తప్పుకి సంతకం నాది."